మంచం పట్టని వంశం

అదే నేనూ అంటున్నాను. మర్యాదగా అడిగితే వినే ఇల్లయితే మర్యాదగానే అడిగేదాన్ని కదా? పెద్దవాళ్ళ మధ్య కొట్లాట పెట్టింది, బతుకమ్మ రోజుల్లో రెండు కుటుంబాలనూ తెచ్చి స్కానింగ్ సెంటర్ బెంచీల మీద కూర్చోబెట్టింది, మామ చేత చొక్కా విప్పించింది అని ఇప్పటికీ ప్రతి ఫంక్షన్లో నా మీద కేసు నడుస్తుంది. నడవనీ. కానీ కేసు మొత్తం విన్నాకే తీర్పు చెప్పాలి. సగంలో లేచి భోజనాలు ఎక్కడని వెతుక్కునేవాళ్ళకు తీర్పు చెప్పే హక్కు లేదు.

ముందు ఆ రెండు కుటుంబాలు ఏవో చెప్తాను. నాన్న వాళ్ళది కోస్తా. తాతయ్య పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, క్వార్టర్స్‌లో సంసారం పెట్టి, రిటైరయ్యాక ఆ పక్కనే ఇల్లు కట్టుకుని, నిండు ముసలితనంలో చనిపోయాడు. నానమ్మ మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా నిన్న సాయంత్రమే రైలు దిగినట్టు మాట్లాడుతుంది. అమ్మ వాళ్ళది సంగారెడ్డి దాటాక కొండాపూర్ మండలంలో ఒక పల్లె. పొలం, చెరుకు, పత్తి, గట్టి గొంతులు. అమ్మా నాన్నా ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, రెండిళ్ళనూ ఏడిపించి పెళ్ళి చేసుకున్నారు. అప్పటి నుంచి రెండు వైపులా ఒక ఒప్పందం నడుస్తోంది. ఎదురుపడితే నవ్వు, పక్కకు తిరిగితే వ్యాఖ్యానం. నేను కూకట్‌పల్లిలో పుట్టి పెరిగి, రెండు వైపుల వ్యాఖ్యానాలూ ఫోన్లో రికార్డు చేసుకుంటూ పెద్దదాన్నయ్యాను.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు మెడికల్ టెస్టులన్నారు. రక్తం తీశారు, కళ్ళు చూశారు, ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీశారు. ఆ ఈసీజీ కాగితం చూసిన కంపెనీ డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "గుండె డాక్టరు దగ్గర రాయించుకుని రామ్మా," అన్నాడు. నాకు మండింది. నేను మెట్లెక్కుతూ ఫోన్లో గొడవ పడగలను, ఇంతకన్నా ఆరోగ్యం ఏముంటుంది?

గుండె డాక్టరమ్మ ఎకో చేసింది. ఎకో అంటే కడుపుతో ఉన్నవాళ్ళకు చేసే స్కానింగే, గుండెకు చేస్తారు. చల్లటి జిగురు రాసి, చిన్న యంత్రం ఛాతీకి ఆనించి అటూ ఇటూ తిప్పుతారు. తెర మీద నా గుండె కనిపించింది. నేను వెంటనే వీడియో తీశాను.

"నీ గుండె కండరం ఉండాల్సినదాని కన్నా కొంచెం మందంగా ఉంది," అందావిడ.

"మందమైతే మంచిదేగా డాక్టర్? గట్టి గుండె."

"గోడలు మందమైతే గదిలో చోటు తగ్గుతుంది. కొందరికి వైరింగు కూడా గాడి తప్పుతుంది. నీకు ఇప్పుడు భయపడాల్సినంత లేదు. ఏడాదికోసారి వచ్చి కనపడు. కానీ ఇది నువ్వు తెచ్చుకున్నది కాదు, నీకు ఇంట్లోవాళ్ళిచ్చింది. ఎవరిచ్చారో వెతకాలి. మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా ఎవరైనా పోయారా? పరుగెత్తుతూ, ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళున్నారా? అలాంటివాళ్ళుంటే రేపూ ఎల్లుండీ అనొద్దు, ముందు వాళ్ళను తీసుకురా."

ఇంత చిన్న వయసులో నాకే వస్తే ఇంకెంతమందికి వస్తోందో, రోగాలు పెరిగిపోయాయని నేను ఫోన్లో చదివిన జ్ఞానమంతా ఒలకబోశాను. ఆవిడ నవ్వింది.

"పెరిగింది జబ్బు కాదమ్మా, మా చూపు. ఇదివరకు మా దగ్గరికి పడిపోయినవాళ్ళే వచ్చేవాళ్ళు. ఎక్కువగా కుర్ర మగపిల్లలు. అందుకని ఇది కుర్ర మగపిల్లల జబ్బు అనుకున్నాం. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఉద్యోగమిచ్చే ముందు ఈసీజీ తీయిస్తున్నాయి. నీలాగా ఏ బాధా లేనివాళ్ళు దొరుకుతున్నారు. వాళ్ళ అమ్మలు దొరుకుతున్నారు, ఎనభై ఏళ్ళ తాతలు దొరుకుతున్నారు. ఆడవాళ్ళకు రాదని కాదు, ఆడవాళ్ళను ఎవరూ చూడలేదు. పైగా ఇదివరకు ఒక ఊరి గుండె ఆ ఊళ్ళోనే, ఆ పది ఇళ్ళలోనే తిరిగేది. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఇక్కడ కలుస్తున్నారు. మీ అమ్మానాన్నల్లాగా."

నేను బయటికి రాగానే నానమ్మకు ఫోన్ చేశాను.

"మా వంశంలోనా? గుండె జబ్బా?" నానమ్మ గొంతు లేచింది. "మా వాళ్ళందరూ ఎనభైలు దాటి, కోడళ్ళందరినీ విసిగించి విసిగించి మరీ పోయారే! మాలో ఎవరికీ అంత తొందర లేదు. ఈ జబ్బేదో కొండాపూర్ నుంచే వచ్చుంటుంది. అసలు ఆ బోరు నీళ్ళు నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఆ వారంలోనే పెత్తరమాస వచ్చింది. ఆ రోజు మా అమ్మ వాళ్ళింట్లో పోయిన పెద్దలందరి పేరున పంతులుకు బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. సాయంత్రం ఆడవాళ్ళు మొదటి బతుకమ్మ పేరుస్తారు. అమ్మా నేనూ వెళ్ళాం. వెళ్ళగానే అత్తమ్మలకు, పక్కింటివాళ్ళకు నా గుండె వీడియో చూపించాను.

"గిదా నీ గుండె? కప్ప లెక్క ఎగురుతున్నదేందే!" అంది మామ భార్య. మా అత్తమ్మ.

"నోరు గుండె కంటె ఎక్కువ ఎగురుతది దానిది," అని అరుగు మీద నుంచి మామ అందించాడు. అమ్మకు అన్న. ఆ ఇంటికి ఇప్పుడు ఆయనే పెద్ద. కోపంలో నాకు గురువు.

పంతులు వచ్చి కూర్చుని, పోయినవాళ్ళ పేర్లు వరసగా చెప్పమన్నాడు. మామ చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ, ఎప్పటిలాగే ప్రతి పేరుకూ ఒక గొప్ప తగిలిస్తున్నాడు. వాళ్ళ నాయిన చెరుకు తోటలో పార పట్టుకుని నిలబడి ఉండగానే పోయాడు. చిన్నాయిన బండి ఎక్కబోతూ పోయాడు. వాళ్ళ తాత జాతరలో కోలాటం వేస్తూ వేస్తూ పోయాడు.

"మా ఇంట్ల మొగోళ్ళు మంచం పట్టరు పంతులూ," అన్నాడు మామ. "ఎవ్వరితోని నోట్ల నీళ్ళు పోయించుకోలే. ఎవ్వరిని పరేషాన్ చెయ్యలే. నిలబడ్డోళ్ళు నిలబడ్డట్టే పోయిన్రు. పుణ్యాత్ములు."

"పుణ్యాత్ములు," అన్నాడు పంతులు.

ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ప్రతి పెత్తరమాసకూ వింటున్నాను. ఆ రోజు మొదటిసారి తల ఎత్తి గోడ మీది ఫోటోలను సరిగ్గా చూశాను. దండలు వేసిన ఫోటోలు. అందరివీ నల్లటి మీసాలు, నల్లటి జుట్టు. చిన్నప్పుడు స్కూల్లో నా స్నేహితురాళ్ళకు నేను గొప్పగా చెప్పుకునేదాన్ని, మా అమ్మ వాళ్ళింట్లో మగవాళ్ళకు జుట్టు నెరవదు అని. నెరిసేదాకా ఎవరూ ఉంటేనే కదా!

నేను ఆ గోడను ఫోటో తీశాను. పక్కనే ఉన్న అమ్మమ్మను అడిగాను, ఈ ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఇలా పోలేదా అని.

"మీ తాతకు చెల్లె ఉండె. బాయి కాడ బిందె ఎత్తుకోబోయి పడ్డది. మల్ల లేవలే," అంది అమ్మమ్మ. "బిందె బరువుండె."

"ఆమె ఫోటో ఏది?"

"ఆడోళ్ళకు ఫోటో ఎవరు దింపిన్రే?"

బరువు బిందెదట. మగవాడు పోతే పుణ్యం, ఆడది పోతే బిందె. నాకు కోపం మెడ దాకా వచ్చింది. అప్పుడే మా బావ వచ్చాడు. మామ కొడుకు. పటాన్‌చెరు వైపు ఒక ఇనుప గొట్టాల కంపెనీలో పని, చిట్కుల్‌లో కిరాయి గది. కంపెనీ వాలీబాల్ టీములో వీడే హీరో. జోగిపేట వైపు అమ్మాయితో పెళ్ళి కుదిరింది, దీపావళి దాటగానే లగ్గం. నన్ను చూడగానే తన కొత్త కథ మొదలుపెట్టాడు.

"మరదలా, మొన్న ఏమైందో తెలుసా? సెమీఫైనల్ ఆడుతున్న. ఎగిరి కొట్టిన. కొట్టింది ఎరుక, పడ్డది ఎరుక లేదు. కండ్లు తెరిచేసరికి మా రూముల బీహారోళ్ళు మొఖం మీద నీళ్ళు కొడుతున్నరు. 'భయ్యా, ఖానా ఖాయా కి నహీ', తిన్నవా లేదా అని ఒకటే లొల్లి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"పడిపోవడం ఇదే మొదటిసారా?"

"ఎండల ఒకసారి గూడ అయింది. గదేం లెక్కకు రాదు."

"కంపెనీ వాసన," అన్నాడు మామ. "ఆ రోడ్డు మీద బస్సుల పోతుంటేనే నాకు తల తిరుగుతది. వీడు రోజంత పీలుస్తడు. పొద్దుగాల తినడు గూడ."

డాక్టరమ్మ మాటలు నా చెవిలో మళ్ళీ వినిపించాయి. ఆడుతూ పడిపోయినవాళ్ళుంటే రేపూ ఎల్లుండీ అనొద్దు. గోడ మీద తాత, చిన్న తాత, ముత్తాత. వాళ్ళ కింద బావ, అదే మీసం. దసరా మరునాడు వాడికి ఫైనల్ ఉంది.

నేను ఉన్న మాట ఉన్నట్టు చెప్పాను. పుణ్యం కాదు, జబ్బు అన్నాను. బావకు రేపే ఎకో తీయిద్దాం అన్నాను. ఇది నేను మర్యాదగానే చెప్పానని మనవి. మొదటి రెండు నిమిషాలు.

"ఏందే, మా నాయినకు జబ్బా? పెత్తరమాస నాడు ఇంట్ల నిలబడి మా పెద్దలకు జబ్బులు పెడ్తున్నవా?" మామ లేచాడు. "ఫోన్ల సూసి డాక్టర్‌వి అయినవా?"

"డాక్టర్ చెప్పిందే చెప్తున్నా మామా!"

"లగ్గం పెట్టుకున్నం. పిల్లగానికి గుండె ఫోటోలు తీపిస్తున్నరని జోగిపేటల తెలిస్తే ఏమైతది? మల్ల వీనికి పిల్లనెవడిస్తడు? నువ్విస్తవా?"

"లగ్గానికి వాడుండాలి కదా!"

 అత్తమ్మ చేతిలోని తంగేడు పూలు కింద పడ్డాయి. మామ ముఖం ఎర్రబడింది, నాదీ ఎర్రబడింది. ఇద్దరం ఒకే తీరుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డామని అమ్మ తర్వాత చెప్పింది.

"లగ్గం అయినంక ఎన్ని ఫోటోలన్న తీపిద్దం. ఇగ మాట్లాడకు," అన్నాడు మామ.

బావను పక్కకు లాగాను. నాయినను కాదని రానన్నాడు. నేను వదల్లేదు. చివరికి చెప్పుతో మట్టి గీకుతూ, "దొరికితే ఏందే?" అన్నాడు. "ఆట పోతది. పిల్ల పోతది. ఇగ నా తాన ఏముంటది?"

 వాడు నాయిన చాటున దాక్కుంటున్నాడు. నాయిన గోడ మీది ఫోటోల చాటున దాక్కుంటున్నాడు. అమ్మమ్మ మధ్యలో వచ్చి, "నువ్వే వాన్ని చేసుకుంటే అయిపోవు, గీ జోగిపేట భయం ఉండకపోవు," అని పాత పాట ఎత్తుకుంది. నేను బ్యాగు తీసుకుని బయలుదేరాను.

సంగారెడ్డిలో బస్సు మారి కిటికీ పక్కన కూర్చున్నాను. కోపంగా ఉంటే నేను ఫోన్లో పాత మెసేజీలు వింటాను. మాకు ఒక ఫ్యామిలీ గ్రూపుంది. అమ్మానాన్నల పెళ్ళిరోజుకు రెండు కుటుంబాలనూ కలిపి నేనే పెట్టాను. అందులో నానమ్మ పొద్దున్నే దేవుడి బొమ్మ పెడుతుంది, మామ సాయంత్రం పత్తి రేటు పెడతాడు, ఒకరిది ఒకరు చూడరు. ఆ గ్రూపు చూస్తుంటే నాకు తెలిసొచ్చింది. కొండాపూర్ ఇంట్లో ప్రాణం పోతుందంటే ఎవరూ కదలరు. కానీ పరువు పోతుందంటే?

నానమ్మ ఇంటి దగ్గర దిగాను. కాఫీ తాగుతూ, "కొండాపూర్ వాళ్ళు జబ్బు మన వైపు నుంచే వచ్చిందంటున్నారు నానమ్మా," అన్నాను. అందులో అబద్ధం ఎక్కువేమీ లేదు. అడిగితే అలాగే అనేవాళ్ళు.

"ఎవరన్నారు?" నానమ్మ గ్లాసు కింద పెట్టింది. నేను ఫోన్ రికార్డింగు నొక్కాను.

మిగతాదంతా నానమ్మ ప్రతిభ. ఎనభై దాటిన తమ పూర్వీకులు, బోరు నీళ్ళు, కారం, కోపం, "ఆ ఇంట్లో మనుషులు మాట్లాడరు, అరుస్తారు, అరిచి అరిచి ఆ గుండె మందం కాక ఏమవుతుంది," అన్నీ వచ్చాయి. "దమ్ముంటే వాళ్ళనే పరీక్ష చేయించుకోమను!" అని ముగించింది. నేను దాన్ని గ్రూపులో పెట్టాను. "పొరపాటున వెళ్ళిపోయింది, ఎవరూ వినకండి," అని కింద రాశాను. ఇంతకన్నా త్వరగా వినిపించే మార్గం నాకు తెలియదు.

మామ నుంచి నానమ్మకు జవాబుగా వాయిస్ మెసేజీ వచ్చేసరికి ఆవిడ కాఫీ ఇంకా పూర్తి కాలేదు.

"అత్తమ్మా, పెద్దమనిషివని ఊకుంటున్న. మా గుండెల గురించి మీరు చెప్తరా? మా ఇంట్ల మొగోళ్ళు మంచం పట్టరు! మీ ఇంట్ల ఏండ్లకేండ్లు మంచం మీదనే ఉంటరు! అందరం తీపిద్దం. మీరు, మేము. ఆదివారం. ఎవ్వరి గుండె ఏందో తేలిపోవాలె. ముందుగాల నా కొడుకును పెడ్తున్న. వాలీబాల్ హీరో వాడు. గసొంటి గుండె మీ వైపు ఒక్కటి సూపెట్టుండ్రి!"

ఆ ఆఖరి మాట నేను మూడుసార్లు విన్నాను. ఎవరిని తీసుకురానని పెత్తరమాస నాడు నా మీదికి లేచాడో, వాడినే జెండాలాగా పట్టుకుని వస్తున్నాడు. నానమ్మ నా వైపు చూసింది. నా ఫోన్ వైపు చూసింది.  కాఫీ గ్లాసు చాటున మూతి దాచుకుంది. ఆవిడకు తెలిసే మాట్లాడిందా అని ఇప్పటికీ అడుగుతుంటాను. "నాకీ ఫోన్లు తెలీవమ్మా," అంటుంది.

ఆదివారం పటాన్‌చెరు స్కానింగ్ సెంటర్లో ఈ చివర బెంచీ మీద కోస్తా, ఆ చివర బెంచీ మీద కొండాపూర్. మధ్యలో అమ్మ, ఏ బెంచీ మీద కూర్చోవాలో తెలియక నిలబడింది. నానమ్మ పులిహోర తెచ్చింది. అత్తమ్మ మొక్కజొన్నతో చేసిన మక్క గారెలు తెచ్చింది. సెంటర్‌లో పనిచేసేవాళ్ళు మమ్మల్ని పెళ్ళిచూపుల బృందం అనుకుని ఉంటారు.

"పులిహోరల చక్కెర ఏసిన్రా అత్తమ్మా?" అన్నాడు మామ, తింటూనే.

"బెల్లం బాబూ. కొంచెం తీపి తింటే కోపం తగ్గుతుందని," అంది నానమ్మ, మక్క గారె విరుచుకుంటూ.

మొదట నానమ్మ లోపలికి వెళ్ళింది. పరీక్ష పాసైన పిల్లలా బయటికొచ్చింది. "ఈ వయసుకు ఇంత శుభ్రమైన గుండె ఈ మధ్య చూడలేదందమ్మా డాక్టరు." డాక్టరమ్మ అంత మాట అనలేదని నాకు తెలుసు, తలుపు దగ్గరే ఉన్నాను. తర్వాత నాన్న. ఆయనదీ శుభ్రం. నానమ్మ పవిటతో విసురుకుంటూ ఎదుటి బెంచీ వైపు చూసింది. "ఇక మీరు రండి బాబూ."

మామ బావను లెమ్మన్నాడు. బావ చెప్పు సర్దుకున్నాడు. "మీరు పోండ్రి, నేను తర్వాత పోత." అమ్మ వెళ్ళింది. అమ్మకు కొంచెం మందం. ఎప్పుడూ ఏమీ కాలేదు, తెలియకుండానే ఇన్నేళ్ళు మోసింది. మళ్ళీ బావను లెమ్మన్నాడు. "నువ్వు పో నాయినా." మామ వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఛాతీ మీది జిగురు చొక్కాతోనే తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమన్నారు మామా?"

"మిషన్ ఖరాబున్నది," అన్నాడు.

ఎదుటి బెంచీ మీద నానమ్మ దగ్గింది. నాకు నవ్వాగలేదు. మామ కూడా నవ్వబోయాడు. అప్పటికి బావ తప్ప ఎవరూ మిగల్లేదు.

వాడు లోపలికి వెళ్ళాడు. మిగతా అందరికన్నా ఎక్కువసేపు పట్టింది. అత్తమ్మ గారెల డబ్బా మూత పెట్టింది. డాక్టరమ్మ తలుపు తీసి, "బాబు వాళ్ళ నాన్నగారు ఎవరు?" అంది. మామ లేచాడు. ఆ మనిషి అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ వెనకాలే దూరాను. ఎవరూ వద్దనలేదు.

బావ గుండె గోడలు చాలా మందంగా ఉన్నాయి. ఆట ఆడుతూ పడిపోవడం ఎండ వల్ల కాదు, వాసన వల్ల కాదు అంది డాక్టరమ్మ. "ఇంకో రెండు పరీక్షలు చేస్తాం. మందులు మొదలుపెడదాం. గుండె లయ తప్పితే దానంతటదే సరిచేసే చిన్న పరికరం ఛాతీలో పెట్టాల్సి రావచ్చు. ఇప్పటికి మాత్రం ఆట ఆపాలి. ఫైనల్ ఆడకూడదు. సమయానికి తీసుకొచ్చారు."

"మేడం, మరి మా నాయినకు గూడ గిదేనా?" అన్నాడు మామ.

"ఆయన్ని నేను చూడలేదు కదండీ. చెప్పలేను."

నేను ఫోన్ తెరిచి గోడ ఫోటో చూపించాను. ఆవిడ ఒక్కొక్క ముఖం పెద్దది చేసి చూసింది. "అందరూ ఇంత చిన్నవాళ్ళా?"

"మేము గొప్ప అనుకున్నం మేడం," అన్నాడు మామ.

బయటికొచ్చి కొండాపూర్ బెంచీ మీద కూర్చున్నాడు.  గెలిచింది నానమ్మ. పోటీ పెట్టింది నేను. ముందు మాటలు అన్నదీ మేమే. ఇప్పుడు ఈవిడ ఏమంటుందోనని నాకు చెమటలు పట్టాయి. నానమ్మ లేచి, మధ్యలో ఖాళీ దాటి వచ్చి మామ పక్కన కూర్చుంది.

"ఓడిపోయామనుకోకు బాబూ. మీ చెల్లెలితో పాటు సారెలో బిందె ఇచ్చారు, బీరువా ఇచ్చారు, ఈ గుండే ఇచ్చారు. నా మనవరాలి దగ్గరుంది చూడు. ఇప్పుడిది మా ఇంటిది కూడా. ఇంకా ఎవరెవరికి పంచారో తేల్చుకుందాం, పట్టు, పులిహోర తిను."

మామ తిన్నాడు. తింటూ కళ్ళు తుడుచుకుని, "చక్కెర ఎక్కువైంది," అన్నాడు.

ఇక మిగిలింది జోగిపేట. ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి, అసలు చెప్పాలా అని మామ, అత్తమ్మ గుసగుసలాడుతుండగా బావ బయట చెరుకు రసం బండి దగ్గరికి వెళ్ళి ఆ అమ్మాయికి తానే ఫోన్ చేశాడు. నేను పక్కనే నిలబడి నా ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. వాడు స్పీకర్ పెట్టుకునే చెప్పాల్సింది చెప్పేశాడు. బావ ముఖం గోడ మీది ఫోటోలా అయిపోయింది.

"నడవొచ్చునా?" అంది ఆమె.

"నడవొచ్చు. ఉరుకొద్దు."

"అయితే బరాత్‌ల డాన్స్ చెయ్యకు. గంతేగా? కని ఆ డాక్టర్‌ను నేను గూడ అడుగుత. నీ మాట మీద ఒప్పుకోను."

అన్నట్టే వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లలకు వస్తుందా అని అడిగింది. ప్రతి బిడ్డకూ రావచ్చు, రాకపోవచ్చు, నాణెం ఎగరేసినట్టే, కానీ ముందు తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆమె ఆలోచించుకోవడానికి గడువడిగింది. అడిగి తీరాలి కూడా. ఆ రోజులన్నీ బావ అన్నం తినలేదు, నేను ఎవరితోనూ గొడవ పడలేదు. చివరికి సరేనంది. అయితే లేచి వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్న తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి డాక్టరమ్మతో అన్నాడట. "మా తమ్ముడొకడు గిట్లనే, దుకాణం షట్టర్ ఎత్తుకుంటెత్తుకుంట పోయిండు మేడం. మేమూ పుణ్యాత్ముడనే అనుకున్నం." ఆ తర్వాత వాళ్ళింట్లోవాళ్ళూ బెంచీ మీదికి వచ్చారు.

లగ్గం కొంచెం వెనక్కి జరిగింది గానీ జరిగింది. బావ ఛాతీలో ఇప్పుడు చిన్న పరికరం ఉంది. వాడు దాన్ని "నా డబ్బా" అంటాడు. వాలీబాల్ ఆడడు, పక్కన కుర్చీ వేసుకుని విజిల్ వేసి అందరినీ తిడతాడు. కొండాపూర్‌లో ఇప్పుడు సంబంధం మాట్లాడేటప్పుడు ఒకరిద్దరు ఎకో సంగతి అడుగుతున్నారట. నన్ను బావకు ముడిపెట్టాలనుకున్న అమ్మమ్మ, ఇద్దరి వైపు నుంచీ వస్తే బిడ్డకు ఇంకా కష్టమని డాక్టరమ్మ చెప్పగానే, "నేనెప్పుడన్న?" అంది. నా దగ్గర రికార్డింగుంది. ఊరుకున్నాను. బావి దగ్గర పడిపోయిన తాత చెల్లెలికి ఫోటో లేదు కాబట్టి, పోయిన పెత్తరమాసకు పంతులు ముందు ఆమె పేరు నేనే గట్టిగా చెప్పాను.

మామ సంగతి చెప్పకపోతే కేసు పూర్తి కాదు. జుట్టుకు రంగు వెయ్యడం మానేశాడు. నెరిసిన తల అద్దంలో చూసుకుని మురిసిపోతున్నాడని అత్తమ్మ ఫిర్యాదు. అంతటితో ఆగలేదు. జోగిపేట వియ్యంకుడిని వెంటబెట్టుకుని వెళ్ళి టేకు మంచం ఒకటి చేయించి తెచ్చి, ఆ ఫోటోల గోడ కిందే వేయించాడు.

"గిదెవరికి నాయినా?" అన్నాడు బావ.

"నాకు. మా ఇంట్ల ఫస్ట్ మంచం పట్టెటోన్ని నేనే. ముసలోన్నయి, గీ మంచం మీద పండుకోని, మీ అందరిని పరేషాన్ చేసి పోత. మీ నాయినమ్మకు చెప్పు," అని నా ఫోన్ వైపు వేలు చూపించాడు. "రికార్డ్ చెయ్యి, గ్రూపుల పెట్టు."

పెట్టాను. నానమ్మ రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపింది.

ఇదీ కేసు. మర్యాదగా అడిగింది రెండు నిమిషాలు, కొట్లాట పెట్టింది ఒక్క మెసేజీతో. ఇప్పుడు మీ ఇంట్లో గోడ మీది ఫోటోల్లో ఎవరెవరి జుట్టు నల్లగా ఉందో ఒకసారి చూసి, మీ మామను మర్యాదగా అడిగి స్కానింగ్‌కు తీసుకెళ్ళి చూపించి, ఆ తర్వాత వచ్చి నేను చేసింది తప్పు అనే దమ్ము మీలో ఎవరికైనా ఉందా?